పిల్లలే తేల్చుకునే ప్రాజెక్టు ఏది? క్లాసుకి డిజైన్ పని ఎంచుకునే ముందు

ఒక ఏడాది మా క్లాసు గోడ వెంబడి ముప్పై పెన్సిల్ స్టాండ్లు మూసలో పోసినట్టు వరుసగా నిలబడ్డాయి. అన్నిటికీ నీలం కాగితం, అన్నిటికీ ముందువైపు ఒక పసుపు పువ్వు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్లే వేళ ఒక పాపతో "నీది తీసుకో అమ్మా" అన్నాను. ఆ పాప ఒక్కో డబ్బా తిరగేసి, అడుగున రాసిన పేర్లు చదువుకుంటూ పోయింది. రెండు వారాలు తన చేతుల్లో ఉన్న వస్తువునే గుర్తుపట్టలేకపోయింది. ఎలా పడుతుంది? ఎత్తు నేను చెప్పాను, రంగు నేను ఇచ్చాను, పువ్వు ఎక్కడ అతికించాలో నేనే చూపించాను. కత్తిరించడం, అంటించడం పాప వంతు. డిజైన్ మొత్తం నాది.

ఆ రోజు నుంచి ప్రాజెక్టు ఎంచుకోవడం మీదే నాకు పట్టుదల పెరిగింది. పిల్లలకి నిర్ణయాలు తీసుకోవడం నేర్పాలన్న కోరిక మనందరికీ ఉంటుంది. కానీ మనం ఎంచుకున్న పనిలోనే ఆ అవకాశం లేకపోతే, క్లాసులో ఎంత బాగా మాట్లాడినా అది పుట్టుకురాదు.

దేన్ని బట్టి పోల్చాలి

ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు, ఏది వదులుకోవాలో కారణంతో తేల్చుకోవడమే డిజైన్ నిర్ణయం. ఎత్తుగా కడితే ఊగుతుంది, పొట్టిగా కడితే దూరం నుంచి కనపడదు. అక్షరాలు పెద్దవైతే బొమ్మకి చోటుండదు. ఇలాంటి పేచీ లేని ప్రాజెక్టులో పిల్లలు ఎంత కష్టపడినా అది చేతిపని అభ్యాసంగానే మిగులుతుంది. దానికీ విలువ ఉంది, అయితే దాన్ని డిజైన్ అనుకోకూడదు.

అందుకే ఏ ప్రాజెక్టు ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇందులో పిల్లలు తేల్చుకోవాల్సిన పేచీలు ఎన్ని? తేల్చుకున్నది పనికొచ్చిందో లేదో వాళ్లకి చెప్పేదెవరు: నేనా, ఆ వస్తువా, దాన్ని వాడే మనిషా? పనికిరాలేదని తెలిశాక మళ్లీ చేయడానికి ఎంతసేపు పడుతుంది?

మూడో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో అదే అన్నిటికన్నా బరువైనది. డిజైనర్ పీటర్ స్కిల్మన్ రూపొందించిన ఒక పందెం దీన్ని చక్కగా చూపిస్తుంది. 20 స్పఘెటీ పుల్లలు (సేమ్యా లాంటివే, కాస్త లావుగా, పెళుసుగా ఉంటాయి), గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మెల్లో (దూదిలా మెత్తగా ఉండే మిఠాయి) ఇస్తారు. 18 నిమిషాల్లో వీలైనంత ఎత్తు కట్టి, ఆ మార్ష్‌మెల్లోని కొనమీద నిలబెట్టాలి. ఈ పందేన్ని ఎన్నో బృందాలతో ఆడించిన టామ్ వూజెక్ 2010లో ఇచ్చిన ప్రసంగంలో, అప్పుడే బిజినెస్ స్కూల్ చదువు ముగించినవాళ్ల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలే సగటున ఎత్తు కట్టారని చెప్పాడు. పెద్దలు చర్చించి, పథకం వేసి, కట్టి, ఆఖరి నిమిషంలో మార్ష్‌మెల్లోని పైన పెడతారు. తేలిగ్గా ఉంటుందనుకున్నది బరువై అంతా కూలిపోతుంది. పిల్లలు మొదటి నుంచీ దాన్ని పైన పెట్టుకునే కడతారు. ఒకటి పడిపోతే ఇంకొకటి కట్టడానికి వాళ్లకి సమయం మిగులుతుంది. నెల రోజులు ఒకే ఒక్క వస్తువు చేయించే ప్రాజెక్టులో పిల్లలకి దొరికే ప్రయత్నం ఒక్కటే. మన పిల్లల్ని మనమే ఆ పెద్దల స్థానంలో కూర్చోబెడుతున్నాం.

కాగితపు వంతెన

ఒకే ఒక్క పీరియడ్ ఉంటే నేను మరో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకుంటాను. రెండు పుస్తకాల దొంతర్లు, మధ్యలో 20 సెంటీమీటర్ల ఖాళీ, ఒక ఏ4 కాగితం. జిగురు లేదు, టేపు లేదు. ఎన్ని పెన్సిళ్లు మోస్తుంది?

కాగితాన్ని ఊరికే పరిస్తే రెండు పెన్సిళ్లకే కుంగిపోతుంది. తర్వాత ఒకరు అంచులు పైకి మడుస్తారు, ఇంకొకరు గొట్టంలా చుడతారు, మరొకరు విసనకర్రలా మడతలు పెడతారు. అసలు రుచి ఇక్కడే మొదలవుతుంది. మడతలు ఖాళీకి అడ్డంగా పెట్టిన పిల్లల వంతెన హార్మోనియం తిత్తిలా సాగి పడిపోతుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పొడుగ్గా పెట్టినవాళ్లది నిలుస్తుంది. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: మడతలు సన్నగా, ఎక్కువగా పెట్టాలా? వెడల్పుగా, తక్కువగా పెట్టాలా? వెడల్పు మడత ఎత్తుగా లేస్తుంది. ఎత్తుకి బలం ఎక్కువ. దూలం లోతు రెట్టింపైతే వంగకుండా నిలిచే గట్టితనం ఎనిమిది రెట్లవుతుందని ఇంజనీర్లకి తెలిసిందే. కానీ వెడల్పు మడతలు బరువు పడగానే పక్కలకి జారి చదునైపోతాయి. ఎక్కడ ఆగాలో పిల్లలే వెతుక్కోవాలి. ఒక్కో ప్రయత్నానికి మూడు నిమిషాలు చాలు. 40 నిమిషాల పీరియడ్‌లో ఎనిమిది, తొమ్మిది సార్లు నిర్ణయించి, ఫలితం చూసి, మార్చుకోవచ్చు. తీర్పు చెప్పేది పెన్సిళ్లు. నా ముఖం వైపు చూసే పని వాళ్లకి ఉండదు. క్లాసులో నోరు విప్పని పిల్లలు ఈ ప్రాజెక్టులో ఎంత ధైర్యంగా తమ ఆలోచన మార్చుకుంటారో చూస్తే కడుపు నిండిపోతుంది.

దీని లోపం కూడా చెప్పాలి. కొలత ఒక్కటే అయితే ఇది బరువుల పోటీగా మారిపోతుంది. గెలిచిన వంతెనను మిగతావాళ్లు కాపీ కొడతారు. అందుకని రెండో షరతు జోడించండి, మొదటిదానికి అడ్డం తగిలేది. దొంతర్లను 10 సెంటీమీటర్ల ఎత్తుకి తగ్గించి, వంతెన కింద నుంచి 8 సెంటీమీటర్ల కాగితపు పడవ దూరాలనండి. లేదా మోసిన పెన్సిళ్ల సంఖ్యతో పాటు వాడిన కాగితం ఎంత తక్కువో కూడా లెక్కలోకి తీసుకోండి. అప్పుడు "ఏది మంచిది" అన్న ప్రశ్నకి ఒకటికి మించి జవాబులు పుడతాయి.

జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో 1920ల్లో జోసెఫ్ ఆల్బర్స్ ఇచ్చిన పాఠం నాకు ఇక్కడ గుర్తొస్తుంది. విద్యార్థుల చేతికి వార్తాపత్రికలు ఇచ్చి, ఏమీ వృథా చేయకుండా వాటితో ఏదైనా చేయమన్నాడు. కొందరు కోటలు, విమానాలు, జంతువులు చేశారు. ఒక విద్యార్థి మాత్రం కాగితాన్ని మడిచి నిలబెట్టాడు, అంతే. ఆల్బర్స్ మెచ్చుకున్నది దాన్నే. కోటను ఇంకో పదార్థంతో ఇంతకంటే బాగా చేయొచ్చు, మడతతో నిలబడటం మాత్రం కాగితానికే చెల్లు. పదార్థం ఏం చేయగలదో దాన్నే అడిగి తెలుసుకోవడం కాగితపు వంతెనలోనూ ఉంది.

ఒక మనిషి కోసం ఒక వస్తువు

నాలుగైదు పీరియడ్లు ఉండి, పిల్లలకి ఎనిమిదేళ్లు దాటితే, నేను ఇచ్చే సలహా ఇదే. ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెట్టి, ఒకరి కోసం ఒకరు వస్తువు చేయాలి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో డిజైన్ నేర్పే డీ.స్కూల్ కూడా కొత్తవాళ్లకి ఇలాంటి అభ్యాసం ఇచ్చేది. అక్కడ ఎదుటి మనిషికి సరిపోయే పర్సు చేయమనేవాళ్లు.

ఒకసారి ఒక పిల్లవాడు తన జంట అమ్మాయికి డెస్కు మీద పెట్టుకునే అట్టపెట్టె చేశాడు. అరలు కుడివైపుకి తెరుచుకునేలా పెట్టాడు. తనకి అలాగే వీలు. అమ్మాయి ఎడమ చేత్తో రాస్తుంది. రబ్బరు తీసుకోవాల్సినప్పుడల్లా తన నోటుబుక్కు మీదుగా చెయ్యి చాచి, మోచేత్తో కాగితాలు నలిపేసుకుంటోంది. ఆ పిల్ల ఏమీ అనలేదు. వాడే గమనించాడు. కాసేపు చూసి, పెట్టెను తిప్పి, అరల మధ్య గోడ విప్పి మళ్లీ పెట్టాడు. "నా చెయ్యి గురించే ఆలోచించాను టీచర్" అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్ని పాఠాలు చెప్పినా చాలేది కాదు.

ఈ ప్రాజెక్టులో పేచీలు ఎక్కువ, ఎందుకంటే మనిషి అవసరాలు ఒకదానికొకటి అడ్డొస్తాయి. చిన్నదిగా ఉండాలి, అన్నీ పట్టాలి. తేలిగ్గా ఉండాలి, పడిపోకూడదు. తీర్పు చెప్పేది వాడే మనిషి. చిక్కు కూడా అక్కడే వస్తుంది: పిల్లలు స్నేహితుల మనసు నొప్పించరు. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. అందుకే నా క్లాసులో ఆ ప్రశ్న నిషేధం. వస్తువు ఇచ్చేసి, రెండు నిమిషాలు మాట్లాడకుండా, వాళ్లు దాన్ని ఎలా వాడుతున్నారో చూడాలి. చెయ్యి ఎక్కడ ఆగింది, ఏది రెండుసార్లు వెతికారు, ఏది అసలు ముట్టలేదు అన్నవి రాసుకోవాలి. తర్వాతే మార్పులు.

ఐదారేళ్ల పిల్లలకి ఎదుటివాళ్ల అవసరం ఊహించడం కష్టం. వాళ్లకి మనిషి బదులు బొమ్మనివ్వండి: "ఈ బొమ్మకి కుర్చీ కావాలి." బొమ్మ జారిపోతే కుర్చీ వెనక్కి వాలాలని వాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఆ వయసులో ఇంతకంటే స్పష్టంగా మాట్లాడే మనిషి దొరకడు.

మిగతావి

బోర్డు ఆట తయారుచేయడం తొమ్మిది, పదేళ్ల పిల్లలకి అద్భుతంగా పనిచేస్తుంది. ఇక్కడ డిజైన్ కంటికి కనపడదు, నియమాల్లో ఉంటుంది. వెనక్కి పంపే గళ్లు ఎక్కువైతే ఆట ముగియదు, తక్కువైతే విసుగు. ఒక్క నియమం మార్చి మళ్లీ ఆడితే చాలు, తేడా తెలిసిపోతుంది. ప్రమాదమల్లా పిల్లలు సమయమంతా బోర్డుకి రంగులేయడానికే పోగొట్టుకోవడం. మూడుసార్లు ఆడి, మూడు మార్పులు చేసేదాకా చిత్తు కాగితం, పెన్సిలు, గుండీలు తప్ప ఇంకేం ఇవ్వను.

పోస్టరు, పుస్తకం అట్ట లాంటి వాటిలో నిర్ణయాలు బోలెడు, తీర్పు చెప్పేవాళ్లు లేరు. చివరికి టీచరు అభిరుచే గెలుస్తుంది. దానికి ఒక చిట్కా ఉంది: గదికి ఆ చివర నిలబడి ఐదు సెకన్లు చూపించి దాచేయాలి. చూసినవాళ్లకి ఏం గుర్తుందో అడగాలి. తారీఖు ఎవరికీ గుర్తులేకపోతే ఏం మార్చాలో పిల్లలే చెబుతారు.

కలల నగరం, కలల ఇల్లు అనే నమూనాలంటే నాకు భయం. అందరికీ ఇష్టమైన ప్రాజెక్టు ఇదే. వారాలు పడుతుంది, జిగురంతా అయిపోతుంది, ఒకసారి అంటించింది కదలదు. పైగా ఆ నగరంలో ఎవరూ ఉండరు కాబట్టి నిర్ణయం తప్పని చెప్పేవాళ్లే లేరు. దాని బదులు మీ క్లాసు గదినే మళ్లీ సర్దమనండి. గళ్ల కాగితం మీద 1:20 కొలతలో గది గీసి, బెంచీలను కాగితపు ముక్కలుగా కత్తిరించి జరుపుకుంటూ ఆలోచించాలి. చక్రాల కుర్చీ వెళ్లాలంటే కనీసం 90 సెంటీమీటర్ల దారి కావాలి, అంటే కాగితం మీద నాలుగున్నర సెంటీమీటర్లు. తలుపు తెరుచుకునే చోటు వదలాలి. వెనక కూర్చున్నవాళ్లకి బోర్డు కనపడాలి. ఆఖరికి బెంచీలు నిజంగా జరిపి ఒక వారం కూర్చోండి. తమ నిర్ణయంలో తామే కూర్చోవడం పిల్లలకి మామూలు అనుభవం కాదు.

స్క్రాచ్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ నుంచి 2007లో వచ్చిన ఈ ప్రోగ్రామింగ్ సాధనం ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్లవాళ్ల కోసం. 5 నుంచి 7 ఏళ్లవాళ్లకి 2014లో స్క్రాచ్ జూనియర్ వచ్చింది. మార్చి చూడటానికి పట్టే సమయం దాదాపు సున్నా, ఆ విషయంలో దీన్ని మించింది లేదు. కానీ మార్చడం అంత సులువైనప్పుడు ఎందుకు మారుస్తున్నామో ఆలోచించకుండానే పిల్లలు మార్చేస్తూ పోతారు. చేత్తో చేసే ప్రాజెక్టు ఒకటి అయ్యాక దీనికి వెళితే మేలు.

ఇక అన్నీ కత్తిరించి ఇచ్చే కిట్లు, నమూనా చూసి చేసే పనులు. కత్తెర పట్టడం, కొలవడం నేర్పాలంటే వాడుకోండి.

ఎంచుకున్నాక మనం చెడగొట్టే చోట్లు

మంచి ప్రాజెక్టు కూడా చేతిలో చెడిపోవచ్చు. మొదటిది, నమూనా. "ఇలా ఉంటుంది చూడండి" అని ఒకటి చేసి చూపించడం మనకి అలవాటు. డేవిడ్ జాన్సన్, స్టీవెన్ స్మిత్ 1991లో ప్రచురించిన పరిశోధనలో ఇంజనీర్లకి, ఇంజనీరింగ్ విద్యార్థులకి ముందుగా ఒక ఉదాహరణ చూపించారు. అందులోని లోపాలు కూడా వాళ్ల డిజైన్లలోకి వచ్చి చేరాయి. శిక్షణ ఉన్న పెద్దలకే అలా జరిగితే, టీచరు చేతిలోని వస్తువును పిల్లలు పక్కనపెట్టి ఆలోచిస్తారని ఎలా ఆశిస్తాం? పూర్తి వస్తువు చూపించకండి. మడత ఎలా పెట్టాలి, రెండు అట్టలు ఎలా కలపాలి అన్న పనితనం చూపించండి. చూపించక తప్పదంటే ఒకదానికొకటి పోలిక లేనివి నాలుగైదు చూపించండి.

రెండోది, సామాను. టేబుల్ నిండా పరిస్తే పిల్లలు మెరిసేవన్నీ ఏరుకుని, అప్పుడు దేనికి వాడాలా అని చూస్తారు. మూడు, నాలుగు రకాలు చాలు. ఇంకో సంగతి: టిమ్ జర్మన్, మార్గరెట్ డిఫైటర్ 2000లో చేసిన ప్రయోగంలో, ఒక పెట్టెలో వస్తువులు పెట్టి చూపించినప్పుడు, అదే పెట్టెను ఎత్తు పెంచే ఆసరాగా వాడొచ్చని 6, 7 ఏళ్ల పిల్లలకి ఆలస్యంగా తట్టింది. 5 ఏళ్లవాళ్లకి ఆ అడ్డంకి కనపడలేదు. కాబట్టి కాస్త పెద్ద పిల్లలకి పెట్టెలు ఇచ్చేటప్పుడు, ఖాళీ చేసి, విప్పి, చదును చేసి ఇస్తాను. పెట్టె అన్న పేరు పోతే అట్ట కనపడుతుంది.

బృందాల విషయంలో నా మాట సూటిగా ఉంటుంది: ఇద్దరు. నలుగురైతే ఒకరు నిర్ణయిస్తారు, ఒకరు చేస్తారు, ఇద్దరు చూస్తారు.

మార్కుల దగ్గర కాస్త ఆగుదాం. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన చిన్నపిల్లలు, తర్వాత ఇష్టంగా ఆడుకునే వేళ బొమ్మలు వేయడానికి తక్కువ సమయం కేటాయించారు. చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో అలా జరగలేదు. వస్తువు అందానికి మార్కులుంటే పిల్లలు ప్రయోగం మానేసి, చెడిపోదనే నమ్మకం ఉన్నదే చేస్తారు. మార్కులు వేయక తప్పని చోట నేను వస్తువుకి వేయను. ఒక చిన్న కాగితం ఇస్తాను: ముందు ఎలా చేశావు, ఏం జరిగింది, ఏం మార్చావు, ఎందుకు. పడిపోయిన వంతెనకి కూడా ఆ కాగితం మీద పూర్తి మార్కులు రావొచ్చు. చదవడం, రాయడం ఇంకా పట్టుబడని పిల్లలైతే నోటితో చెబుతారు, నేను రాసుకుంటాను.

"ఎందుకు" అన్న ప్రశ్న గురించి ఒక హెచ్చరిక. "ఇది ఇక్కడ ఎందుకు పెట్టావు?" అంటే చాలామంది పిల్లలు వెంటనే దాన్ని తీసేస్తారు. టీచరు అడిగిందంటే తప్పే అయి ఉంటుందని వాళ్ల లెక్క. ఆ లెక్క మనమే నేర్పాం, తప్పు జరిగినప్పుడే అడిగి. కాబట్టి బాగా కుదిరినదాని గురించి ముందు అడగండి. "ఈ మడత గట్టిగా నిలిచింది, ఇక్కడే ఎందుకు పెట్టాలనిపించింది?" ఒక వారం అలా అడిగాక, కుదరని చోట అడిగినా పిల్లలు కంగారుపడరు, కారణం వెతుకుతారు.

మీ పరిస్థితికి ఏది

ఒక్క పీరియడ్ ఉండి, పిల్లలు ఏ వయసువాళ్లైనా, కాగితపు వంతెన. ఏడేళ్లలోపు వాళ్లతో వారం రోజులుంటే బొమ్మకి కుర్చీ. ఎనిమిది దాటినవాళ్లతో నాలుగైదు పీరియడ్లుంటే జంటలో ఒకరి కోసం ఒకరు చేసే వస్తువు, అందులోనూ డెస్కు మీద రోజూ వాడేది ఏదైనా. మాట్లాడుకోవడం ఇష్టపడే, కుదురు లేని క్లాసైతే బోర్డు ఆట. నెల రోజులుండి, బెంచీలు జరపడానికి అనుమతి ఉంటే క్లాసు గదిని వదులుకోకండి. నలభై మందికి పైగా ఉన్న క్లాసులో జంటల వస్తువు మొదలుపెట్టకండి. అందరూ వాడి చూసేటప్పుడు గమనించడం ఒక్కరి వల్ల కాదు. సగం మందికి వంతెన ఇచ్చి మిగతా సగంతో ఇది చేయించి, మర్నాడు మార్చండి.

ఏది ఎంచుకున్నా మొదటి రోజు జిగురు సీసాను అలమారలోనే ఉంచండి. పేపర్ క్లిప్పులు, బట్టల క్లిప్పులు, సులువుగా ఊడివచ్చే కాగితపు టేపు బయట పెట్టండి. విప్పగలిగింది ఏదైనా పిల్లలు విప్పి చూస్తారు. ఎవరైనా వచ్చి "ఇంక ఇది మార్చను, అంటించాలి" అని, ఎందుకు మార్చనో కూడా చెబితే, అప్పుడు సీసా చేతికివ్వండి.